లెనార్డ్ కోసం ఏమివ్వాలి, ఏమివ్వకూడదు: విజయనగరంలో తిరిగి ఆడిన ఒక బేరం

విజయనగరంలో వ్యాయామ విద్య చదివే పిల్లలకు క్రీడా నిర్వహణ పాఠం చెప్పడానికి ముందు నేను చాలా ఏళ్లు బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేశాను. ఆ రోజుల్లో ఒక కళాశాల జట్టు కోసం ఆరడుగుల అయిదంగుళాల కుర్రాణ్ని ఎలాగైనా తెచ్చుకోవాలని పట్టుబట్టాను. అతనికీ, అతనితో పాటే చేరతానన్న స్నేహితుడికీ హాస్టల్ గది, ఫీజు మినహాయింపు ఇప్పించడం కోసం, మూడేళ్లుగా మా కోర్టులోనే ఎదుగుతున్న ముగ్గురు చిన్నవాళ్ల సీట్లు వదులుకోవడానికి ఒప్పుకున్నాను. ఆ కుర్రాడు ఒక్క టోర్నమెంటు ఆడి, మరోచోట ఉద్యోగం దొరికితే వెళ్లిపోయాడు. నేను వదులుకున్న ముగ్గురిలో ఇద్దరు మరుసటి ఏడాది వేరే జట్టు తరఫున వచ్చి మా మీదే గెలిచారు. వచ్చే కుర్రాడి ఆటను నేను సరిగ్గానే అంచనా వేశాను, అతను నిజంగా మంచి ఆటగాడు. నా చేతిలో ఉన్నదాని విలువ మాత్రం లెక్క కట్టలేదు.

ఆ పొరపాటును పాఠంగా మార్చాలని చాలాకాలంగా అనుకుంటున్నాను గాని, మన జిల్లాల్లో ఇటువంటి బేరాలన్నీ నోటిమాట మీదే నడిచిపోతాయి కనుక పిల్లల ముందు పెట్టడానికి కాగితాలంటూ ఉండవు. అమెరికాలోని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జరిగే ట్రేడ్‌లకు, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే బేరాలకు, ఆ ఇబ్బంది లేదు. ఎవరిని ఇచ్చారు, ఎవరిని తీసుకున్నారు, ఎవరి జీతం ఎంత, ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది అన్న వివరాలన్నీ బహిరంగంగానే దొరుకుతాయి. అందుకే 2018 జూలై 18న టొరంటో రాప్టర్స్‌కూ శాన్ ఆంటోనియో స్పర్స్‌కూ మధ్య కవాయ్ లెనార్డ్ అనే ఆటగాడి కోసం కుదిరిన ట్రేడ్‌ను ఎంచుకుని, అది కుదరకముందటి రోజులకు తరగతిని తీసుకెళ్లి, ఆరుగురు విద్యార్థుల చేత ఆ బేరాన్ని మళ్లీ ఆడించాను. రెండు సాయంత్రాలు పట్టిన ఆ పనిలో ఏం జరిగిందో, దానివల్ల నా పాఠంలో ఏం మారిందో ఇక్కడ రాస్తున్నాను.

2018 జూలై నాటి పరిస్థితి

టొరంటో ఆ ఏడాది 59 మ్యాచ్‌లు గెలిచి తూర్పు విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. అయినా ప్లే ఆఫ్స్ రెండో రౌండులో క్లీవ్‌లాండ్ చేతిలో 0-4తో ఓడిపోయింది. 2016లోనూ 2017లోనూ ఆ జట్టును ఇంటికి పంపింది లెబ్రాన్ జేమ్స్ ఉన్న అదే క్లీవ్‌లాండ్. జట్టు అధ్యక్షుడు మసాయ్ ఉజీరి కోచ్ డ్వేన్ కేసీని తొలగించాడు. తొలగించిన కొద్ది వారాలకే కేసీకి ఆ సంవత్సరపు ఉత్తమ కోచ్ పురస్కారం వచ్చిందంటే, ఆ జట్టు ఎంత బాగా ఆడుతూ ఎక్కడ ఆగిపోతోందో అర్థమవుతుంది. ఇంతలో జూలైలో లెబ్రాన్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌లో చేరాడు. తూర్పున దారి ఒక్కసారిగా తెరుచుకుంది.

శాన్ ఆంటోనియోలో కవాయ్ లెనార్డ్ వయసు అప్పటికి 27. 2014 ఫైనల్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు అతనే. 2015, 2016లలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు కూడా అతనే. కాని తొడ కండరానికి తగిలిన గాయం వల్ల 2017-18లో 9 మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. ఆ చికిత్స విషయంలో జట్టుతో నమ్మకం చెడి, తనను పంపించేయమని అడిగాడు. లాస్ ఏంజెలెస్ వెళ్లాలన్న అతని కోరిక అందరికీ తెలిసిపోయింది. ఒప్పందం ప్రకారం 2019 వేసవిలో బయటికి వచ్చి తనకు నచ్చిన జట్టులో చేరే హక్కు అతనికుంది. అంటే కొనేవాళ్లకు ఖాయంగా దక్కేది ఒక్క ఏడాది, అదీ కాలు పూర్తిగా నయమైందో లేదో తెలియని మనిషితో.

ఈ ఒక్క ఏడాది సంగతి దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. అది మంచిదే అయింది. బొబ్బిలి నుంచి వచ్చే అబ్బాయి, "కాలు బాగోలేదు, మనసు ఇక్కడ లేదు, మళ్లీ సంవత్సరానికి ఎళ్లిపోతాడు. ఆడికి ధరేటండీ మాస్టారూ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు 2018 జూలైలో ఒక ఆధారం మాత్రం ఉంది. అంతకు ముందు ఏడాది పాల్ జార్జ్ కూడా లాస్ ఏంజెలెస్ మీదే మనసుపెట్టి, ఒక్క ఏడాది ఒప్పందంతో ఇండియానా నుంచి ఓక్లహామా సిటీకి వచ్చాడు. 2018 జూలైలో అక్కడే ఉండిపోతానని కొత్త ఒప్పందం చేసుకున్నాడు. కాబట్టి ఒక్క ఏడాది మనిషిని తెచ్చుకుని నిలబెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. అలాగని దాన్ని ధరలో కలిపి లెక్కించకూడదు. ఏడాది ఆటకే ధర కట్టాలి, ఉండిపోతే అది పైలాభం అని నేను నియమం పెట్టాను.

అట్టముక్కలు

ఇంట్లో పోగుపడిన పాత శుభలేఖల వెనక అట్టలను చీటీలుగా కత్తిరించి, ఒక్కొక్క ఆటగాడి పేరు, వయసు, జీతం, మిగిలిన ఒప్పందం వాటి మీద స్కెచ్ పెన్నుతో రాశాను. డిమార్ డిరోజన్: 28 ఏళ్లు, సుమారు 2.77 కోట్ల డాలర్లు, ఇంకా మూడేళ్ల దాకా ఒప్పందం. యాకబ్ పర్టల్: 22 ఏళ్లు, సుమారు 29 లక్షలు. డెలాన్ రైట్: 26 ఏళ్లు, సుమారు 25 లక్షలు. పాస్కల్ సియాకమ్: 24 ఏళ్లు, 2016లో 27వ పిక్. ఓజీ అనునోబి: నిండా 21 ఏళ్లు, 2017లో 23వ పిక్. పిక్ అంటే ఏటా కొత్త ఆటగాళ్లను జట్లు ఒక్కొక్కరుగా ఎంచుకునేటప్పుడు వచ్చే వంతు; ఆ వంతుల మొదటి చుట్టు తొలి రౌండ్. సాధారణంగా ఓడిన జట్లకు ముందు వంతులు, గెలిచిన జట్లకు వెనక వంతులు వస్తాయి కనుక అంకె ఎంత చిన్నదైతే పిక్ అంత విలువైనది. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ అట్టను బల్ల మీద బోర్లా పెట్టాను. అతను ఆ జూలైలోనే కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు, అలా సంతకం చేసిన ఆటగాణ్ని కొన్ని నెలల పాటు ట్రేడ్ చేయడానికి నియమాలు ఒప్పుకోవు. ఇవ్వగలిగిన సరుకు ఏది, ఇవ్వాలన్నా ఇవ్వలేనిది ఏది అన్నది ముందు తేలాలి. మనవైపు సెలక్షన్లలో కూడా వయసు ధ్రువపత్రం చూడకుండానే కుర్రాణ్ని గురించి గంటసేపు వాదించుకునే అలవాటు చాలామందికి ఉంది.

ఇద్దరు టొరంటోగా, ఇద్దరు శాన్ ఆంటోనియోగా, మరో ఇద్దరు పోటీకి వచ్చిన లేకర్స్‌గా కూర్చున్నారు. జీతాల లెక్క చూసే పని నాది. వాన పడుతుండడంతో కోర్టు పక్క వరండాలో చాప పరిచి, అట్టలు ఎగిరిపోకుండా వాటి మీద విజిల్, తాళంచెవులు పెట్టుకున్నాం. మాట మొదలు పెట్టకముందు ప్రతి జంటా తమ ఆఖరి ధరను, అంటే అది దాటితే లేచి వెళ్లిపోవలసిన హద్దును, కాగితం మీద రాసి మడిచి నాకిచ్చింది. ఆ మూడు మడతలూ నా చొక్కా జేబులో ఉన్నాయి. టొరంటో జంట రాసిన హద్దు ఇది: డిరోజన్, పక్కన ఒక్క చిన్న ఆటగాడు, ప్రొటెక్షన్‌తో (ముందు స్థానాల్లో పడితే ఇవ్వనక్కర్లేదన్న షరతుతో) ఒక తొలి రౌండ్ పిక్. సియాకమ్, అనునోబి ఇద్దరూ ఏ పరిస్థితిలోనూ బల్ల మీదికి రాకూడదు.

మొదటి సాయంత్రం: పాట పెరిగింది

మొదటి విడతలో అందరూ అందరి ముందే మాట్లాడారు. శాన్ ఆంటోనియోగా కూర్చున్న నెల్లిమర్ల అబ్బాయి గట్టివాడు, తన అట్టను ముందుకు తోయనే లేదు. లేకర్స్ జంట తమ కుర్రవాళ్లు బ్రాండన్ ఇంగ్రమ్, లోంజో బాల్ పేర్లు ఎత్తగానే టొరంటో జంటకు కంగారు పుట్టింది. డిరోజన్‌కు పర్టల్‌ను కలిపారు. పర్టల్ చాలడని అవతలివాళ్లు తలతిప్పితే రైట్‌ను కలిపారు. తరువాత ఒక పిక్, ఆ తరువాత ప్రొటెక్షన్ లేని పిక్. చివరికి ఆమదాలవలస అమ్మాయి అనునోబి అట్ట మీద వేలు పెట్టి, దాన్ని నెమ్మదిగా ముందుకు జరపడం మొదలుపెట్టింది. ఆ అట్ట చాప నడిమికి చేరేసరికి నేను జేబులోంచి వాళ్ల మడత తీసి ఆమె ముందు విప్పాను. ఆమె చదువుకుని, వేలు తీయకుండానే, "ఇంకొక్క అడుగు వేస్తే మనిషి వచ్చేస్తాడు కదా మాస్టారూ" అంది.

చీటీ పాటలో కూర్చున్నవారికి ఈ స్థితి బాగా తెలుసు. పక్కవాడు పాడాడన్న ఒక్క కారణం చేతే, ఇంటి దగ్గర లెక్క వేసుకుని వచ్చిన మొత్తం మరుపుకు వస్తుంది. నేను ఆ ఆరడుగుల అయిదంగుళాల కుర్రాడి విషయంలో చేసింది సరిగ్గా ఇదే. మరో రెండు కళాశాలలు అతని వెంట పడుతున్నాయని తెలిసిన రోజునే మూడో సీటు కూడా వదులుకున్నాను. అందుచేత ఆ సాయంత్రం బేరాన్ని అక్కడితో ఆపేసి, మూడు జంటలనూ ఒకే ప్రశ్న అడిగాను: లేకర్స్ నిజంగా ఎంత ఇస్తారు?

దానికి లేకర్స్‌గా కూర్చున్న నరసన్నపేట అమ్మాయే జవాబు చెప్పింది. లెనార్డ్ తమ ఊరే రావాలనుకుంటున్నాడు, ఏడాది ఓపిక పడితే ఒక్క ఆటగాణ్ని కూడా పోగొట్టుకోకుండా సంతకం చేయించుకునే అవకాశం తమకు ఉంది, అలాంటప్పుడు ఇప్పుడు ఇంగ్రమ్‌ను ఎందుకు ఇవ్వాలి అని అడిగింది. ఆ మాటతో టొరంటో జంట ముఖాలు తేటపడ్డాయి. తమను పరిగెత్తించిన పోటీదారుకు అంత ఆత్రమే లేదని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఆటగాడి కోరిక బయటపడిపోతే అమ్మేవాడి చెయ్యి బలహీనపడుతుంది, ఆ బలహీనత వల్ల లాభపడేది ఆటగాడు కోరుకోని జట్టు. ఇది తెలిసీ అనునోబిని చాప నడిమికి తోయవలసిన పని లేదు.

బొబ్బిలి అబ్బాయి మరో మాట అన్నాడు. "మా తాత పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవోడండీ. పక్కోడికి ధర తెలిస్తే బేరం నిలబడదని." ఆ మాటను నేను వెంటనే నియమంగా తీసుకున్నాను. నిజంగానే ఎన్‌బీఏలో బేరాలు ఇద్దరిద్దరి మధ్య ఫోన్లలో నడుస్తాయి. అందరూ వింటుండగా పాట పెట్టడం నేను చేసిన ఏర్పాటులోని లోపం. రెండో సాయంత్రం నుంచి ప్రతి ప్రతిపాదనా చీటీ మీద రాసి అవతలి జంట చేతికే ఇవ్వాలన్నాను.

రెండో సాయంత్రం: అమ్మేవాడికి ఏం కావాలి

ఈసారి టొరంటో జంట తమ అట్టల వైపు కాకుండా శాన్ ఆంటోనియో అట్టల వైపు చూస్తూ మొదలుపెట్టింది. స్పర్స్ అప్పటికి వరుసగా 21 సీజన్లు ప్లే ఆఫ్స్ ఆడిన జట్టు. గ్రెగ్ పొపోవిచ్ ఇంకా కోచ్‌గా ఉన్నాడు. ఆ జట్టుకు అయిదేళ్ల తరువాత ఎదిగే పిల్లలు, ఎక్కడో దూరాన ఉన్న పిక్‌లు అంత అవసరం కాదు. వచ్చే అక్టోబరులో మైదానంలోకి దిగి 20 పాయింట్లు చేసేవాడు కావాలి. డిరోజన్ ముందటి సీజన్లో సగటున 23 పాయింట్లు చేశాడు, లీగ్ ఏటా ప్రకటించే ఉత్తమ ఆటగాళ్ల జాబితాల్లో రెండోదానిలో పేరు సంపాదించాడు. అతను ఉన్నచోట స్పర్స్‌కు అనునోబి మీద పట్టుదల ఉండవలసిన పని లేదు. ఆ పట్టుదలను మొదటి సాయంత్రం వాళ్లలో పుట్టించింది టొరంటో జంట కంగారే.

టొరంటో వైపు నుంచి చూసినా డిరోజన్‌ను ఇవ్వడంలో ఒక లెక్క ఉంది. అతని ఒప్పందం ఇంకా మూడేళ్ల దాకా సాగవచ్చు. లెనార్డ్ ఏడాదికే వెళ్లిపోయినా, ఆ పెద్ద జీతం జట్టు పద్దులో ఉండదు. కైల్ లౌరీ ఒప్పందం కూడా 2020లో ముగుస్తుంది కనుక అప్పటికి కుర్రవాళ్లతో కొత్తగా మొదలుపెట్టవచ్చు. బేరం చెడిపోతే కలిగే నష్టానికి ఇక్కడ ఒక అడుగు ఉంది, అంతకన్నా కిందికి పోదు. ఇది నేను పిల్లల చేత రెండుసార్లు చెప్పించిన విషయం. ఆ అడుగు నిలబడాలంటే సియాకమ్, అనునోబి ఇంట్లోనే ఉండాలి.

వాళ్ల చీటీ ఇలా వచ్చింది: డిరోజన్, డెలాన్ రైట్, మొదటి పది స్థానాల్లో పడితే ఇవ్వనక్కర్లేని 2019 తొలి రౌండ్ పిక్. బదులుగా లెనార్డ్ ఒక్కడు. స్పర్స్ జంట సరేనంది. నేను కుదరదన్నాను.

ఇక్కడ జీతాల లెక్క చెప్పాలి. ఒక్కో జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి దాటి ఉన్న జట్టు, ఆ రోజుల్లో ఆ స్థాయి జీతాల విషయంలో, తాను పంపే జీతానికి నాలుగో వంతు కలిపి, పైన ఒక లక్ష డాలర్లు చేర్చినంత వరకే వెనక్కి తీసుకోవచ్చు. లెనార్డ్ జీతం సుమారు 2.31 కోట్లు. దానికి నాలుగో వంతు, ఆ లక్షా కలిపితే 2.90 కోట్లు. డిరోజన్ ఒక్కడైతే 2.77 కోట్లతో సరిపోతాడు. రైట్‌ను కలిపితే 3.02 కోట్లవుతుంది, పర్టల్‌ను కలిపితే 3.06. రెండూ హద్దు దాటినట్టే. అంటే డిరోజన్‌తో పాటు మరొకణ్ని స్పర్స్ తీసుకోవాలంటే తామూ మరొకణ్ని పంపాలి. పిల్లలు ఇద్దరూ తలలు పట్టుకుని ఇంకెవరిని తగ్గించాలా అని ఆలోచిస్తుంటే, శాన్ ఆంటోనియో అట్టల్లో కోటి డాలర్ల జీతం రాసి ఉన్న ఒక అట్ట అక్కడే పడి ఉంది. డానీ గ్రీన్. 31 ఏళ్ల వాడు, దూరం నుంచి మూడు పాయింట్ల బుట్టలు వేస్తాడు, అవతలి జట్టు బలమైన ఆటగాణ్ని అడ్డుకుంటాడు, గెలిచిన ఫైనల్స్ అనుభవం ఉంది. గ్రీన్ కలిస్తే స్పర్స్ పంపేది 3.31 కోట్లవుతుంది. లెక్క కూడా కుదురుతుంది, టొరంటోకు ఇంకొక ఆటగాడూ వస్తాడు.

అసలు ట్రేడ్‌లో జరిగింది కూడా అదే. టొరంటో డిరోజన్‌ను, పర్టల్‌ను, 2019 తొలి రౌండ్ పిక్‌ను ఇచ్చింది. లెనార్డ్‌ను, గ్రీన్‌ను తీసుకుంది. ఆ పిక్ మీద ప్రొటెక్షన్ మా పిల్లలు రాసినదానికన్నా చాలా బిగువుగా ఉంది. మొదటి 20 స్థానాల్లో పడితే తొలి రౌండ్ పిక్ టొరంటో దగ్గరే ఉండిపోతుంది, 21 నుంచి 30 మధ్య పడితేనే స్పర్స్‌కు చేరుతుంది. అంటే లెనార్డ్ వచ్చి జట్టు బాగా ఆడితేనే పిక్ ఇస్తారు, బాగా ఆడితే ఆ పిక్ వెనకబడి చవకవుతుంది. అతని కాలు బాగుపడక జట్టు కుప్పకూలితే, తమకు అవసరమైన ఆ మంచి పిక్ తమ దగ్గరే ఉంటుంది. గాయం తాలూకు అనుమానాన్ని ధర తగ్గించి తీర్చుకోవడం అందరికీ తెలుసు. షరతులోనే ఇలా మడిచిపెట్టడం నాకు చాలా నచ్చిన పని. టొరంటో ఆ సీజన్లో 58 మ్యాచ్‌లు గెలిచింది, ఇచ్చిన పిక్ 29వది.

తరువాత జరిగినది క్రీడాభిమానులకు తెలిసినదే. లెనార్డ్‌ను సీజనంతా కాపాడుకుంటూ 60 మ్యాచ్‌లు మాత్రమే ఆడించారు. 2019 మే 12న ఫిలడెల్ఫియాతో ఏడో మ్యాచ్‌లో అతని ఆఖరి షాట్ రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. జూన్ 13న గోల్డెన్ స్టేట్‌ను 4-2తో ఓడించి టొరంటో తొలి టైటిల్ గెలిచింది. నా తరగతికి అంతకన్నా ముఖ్యమైనది ఇవ్వకుండా దాచుకున్న అట్టల సంగతి. సియాకమ్ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 32 పాయింట్లు చేశాడు. బోర్లా పెట్టిన వాన్‌వ్లీట్ ఆఖరి మ్యాచ్‌లో 22 చేశాడు. మా పిల్లలు ఇచ్చేయబోయిన రైట్‌ను టొరంటో 2019 ఫిబ్రవరి దాకా అట్టేపెట్టుకుని, వలన్‌చూనస్‌తోనూ మైల్స్‌తోనూ కలిపి మెంఫిస్‌కు ఇచ్చి మార్క్ గసోల్‌ను తెచ్చుకుంది. అడిగి తెచ్చుకున్న గ్రీన్ ఆ సీజన్లో మూడు పాయింట్ల షాట్లలో 45 శాతానికి పైగా వేశాడు.

ఉజీరి ఈ నిబ్బరం ఎక్కడ నేర్చుకున్నాడో పిల్లలకు చెప్పడం అవసరమనిపించింది. 2011 ఫిబ్రవరిలో అతను డెన్వర్ జట్టులో, అమ్మేవాడి కుర్చీలో కూర్చున్నాడు. కార్మెలో ఆంథొనీ న్యూయార్క్ వెళ్తానని పట్టుబట్టాడు. కొద్ది నెలలు ఆగితే న్యూయార్క్ అతన్ని ఊరికే సంతకం చేయించుకునే వీలుంది. అయినా ఆగలేక గాలినారి, చాండ్లర్, ఫెల్టన్, మోజ్‌గొవ్‌లను, ఒక తొలి రౌండ్ పిక్‌ను ఇచ్చి, 2016లో పిక్‌ల అదలాబదలు హక్కు (డెన్వర్ పిక్ కన్నా న్యూయార్క్ పిక్ మెరుగైతే రెండూ మార్చుకునే హక్కు) కూడా డెన్వర్ చేతిలో పెట్టింది. 2013లో టొరంటోకు మారిన ఉజీరి అదే న్యూయార్క్‌కు ఆండ్రియా బార్న్యానిని అమ్మి, మరికొన్నిటితో పాటు 2016 పిక్ తీసుకున్నాడు. ఆ హక్కుతో 2016లో డెన్వర్ ఏడో పిక్ వాడి జమాల్ మరేను ఎంచుకుంది, మిగిలిన తొమ్మిదో పిక్ టొరంటోకు వచ్చింది. దాంతో వాళ్లు ఎంచుకున్నది యాకబ్ పర్టల్‌ను. అమ్మేవాడిగా అతను రెండుసార్లు చూసిన కొనేవాడి ఆత్రం, 2018లో లెనార్డ్ ధరలో ఒక భాగమై అతనికే ఉపయోగపడింది. ఈ గొలుసును బోర్డు మీద గీసిచూపినప్పుడు చీపురుపల్లి అబ్బాయి లేచివచ్చి, ప్రతి ముడి దగ్గరా ఆత్రపడింది ఎవరో సుద్దముక్కతో గుర్తుపెట్టాడు.

అదే మనిషి, మరుసటి ఏడాది

ఒక్క కేసుతో ఆపితే, ఇవ్వకుండా బిగపట్టుకోవడమే విద్య అని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. అందుకని లెనార్డ్‌నే మరుసటి ఏడాది చూపించాను. 2019 జూలైలో అతను టొరంటో వదిలి లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు వెళ్లాడు. కాని ఒంటరిగా రాడు, పాల్ జార్జ్ పక్కన ఉండాలి. జార్జ్ ఓక్లహామా సిటీ దగ్గర ఉన్నాడు. ముందటి ఏడాది లెనార్డ్ కోరిక ధరను దించింది, ఈసారి అదే కోరిక ధరను ఆకాశానికెత్తింది. ఎందుకంటే ఓక్లహామా అమ్ముతున్నది ఒక్క మనిషిని అయినా, కొనేవాడికి దక్కేది ఇద్దరని దానికి తెలుసు. క్లిప్పర్స్ గాలినారిని, నిండా 21 ఏళ్లు కూడా రాని షే గిల్జియస్-అలెగ్జాండర్‌ను, అయిదు తొలి రౌండ్ పిక్‌లను, రెండు అదలాబదలు హక్కులను ఇచ్చింది. వాటిలో 2022 పిక్‌తో ఓక్లహామా 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్‌ను ఎంచుకుంది. 2025లో గిల్జియస్-అలెగ్జాండర్ సీజన్‌లోనూ ఫైనల్స్‌లోనూ అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు, ఓక్లహామా టైటిల్ గెలిచింది. క్లిప్పర్స్ ఆ జంటతో ఒక్కసారి, 2021లో, పశ్చిమ విభాగం ఫైనల్ దాకా వెళ్లగలిగింది.

అయినా క్లిప్పర్స్‌ది వెర్రి బేరమని నేను అనను. కాదంటే లెనార్డ్ కూడా చెయ్యిజారిపోయేవాడు. నేను తప్పుపట్టేది పిక్‌ల సంఖ్యను కాదు, అన్ని పిక్‌లు ఇస్తున్నప్పుడు ఆ కుర్రాడి అట్టను కూడా తోసెయ్యడాన్ని. మొదటి సీజన్‌లోనే 82 మ్యాచ్‌లూ ఆడిన 20 ఏళ్ల గార్డు, ఏ జట్టులోనైనా చాప అడుగున దాచుకోవలసిన అట్ట. అతన్ని మినహాయిస్తే ఓక్లహామా ఒప్పుకునేదా అన్నది పిల్లలు గంటసేపు వాదించుకున్నారు, నేను అడ్డుపడలేదు.

బ్రూక్లిన్ జట్టు కేసును త్వరగానే ముగించాను. 2013లో 37 ఏళ్ల గార్నెట్, 35 ఏళ్ల పియర్స్ కోసం 2014, 2016, 2018 తొలి రౌండ్ పిక్‌లు, మధ్యలో 2017 అదలాబదలు హక్కు బోస్టన్‌కు ఇచ్చేశారు. వరుసగా రెండేళ్లు తొలి రౌండ్ పిక్ లేకుండా ఉండకూడదన్న నియమం ఉంది కనుకనే ఒకటి విడిచి ఒకటి ఇచ్చి, మధ్య ఖాళీని హక్కుతో పూడ్చారు. ఆ పిక్‌లలో ఏ ఒక్కదానికీ ప్రొటెక్షన్ లేదు. బోస్టన్‌కు వాటి వల్ల జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ దక్కారు. టొరంటో మడిచిపెట్టిన షరతు ఎంత విలువైనదో దీని పక్కన పెడితే వెంటనే కనిపిస్తుంది.

డిరోజన్ కుర్చీ

ఇంతవరకు రాసినది బేరం సంగతి. రెండో సాయంత్రం చివర నరసన్నపేట అమ్మాయి డిరోజన్ అట్టను చేతిలోకి తీసుకుని, "ఈయనకి ఎప్పుడు చెప్పారు మాస్టారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న నా పాఠంలో లేదు.

డిరోజన్ తొమ్మిది సీజన్లు టొరంటోకే ఆడాడు. ఆ జట్టు చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు అతనివే. 2018 ఫిబ్రవరిలో తన మానసిక కుంగుబాటు గురించి బహిరంగంగా మాట్లాడి, ఎందరికో ధైర్యం ఇచ్చాడు. ఆ వేసవిలో జట్టు పెద్దలతో మాట్లాడినప్పుడు తనను పంపించరన్న నమ్మకమే అతనికి కలిగింది. తరువాత ఆ ట్రేడ్ జరిగింది. సమాచారంలో వచ్చిన ఆ తేడాకు ఉజీరి విలేకరుల ముందు క్షమాపణ చెప్పాడు. ట్రేడ్ సరైనదే. కాని ఆ నమ్మకం అతనిలో మిగిలి ఉండగానే అది జరిగిపోయింది.

నేను వదులుకున్న ముగ్గురు చిన్నవాళ్లకు ఆ సంగతి నేను నోటితో చెప్పలేదు. హాస్టల్ గోడకు అంటించిన జాబితాలో తమ పేర్లు లేకపోవడం చూసి తెలుసుకున్నారు. ఇది పిల్లలకు ఆ సాయంత్రమే చెప్పాను.

ఇప్పుడు నా పనిచీటీలో ధర, హద్దు, షరతు, జీతాల లెక్క అన్న నాలుగు గడుల కింద మరొక గడి చేర్చాను: ఇచ్చేస్తున్న మనిషికి ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో చెబుతారు. పిక్ ప్రొటెక్షన్ తేల్చడానికి అయిదు నిమిషాలు పట్టిన టొరంటో జంటకు ఈ ఒక్క గడికి దాదాపు అరగంట పట్టింది. ఆమదాలవలస అమ్మాయి రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి నా చేతికిచ్చిన చీటీలో ఇలా ఉంది: "వేరే జట్టుతో మొదటిసారి మాట్లాడిన రోజే నేనే ఫోన్ చేస్తాను. మిమ్మల్ని పంపించం అని మాత్రం అనను."